కంప్యూటరు స్థిరాస్తా, చరాస్తా?

ఇంజినీరింగ్ సీట్ల కేటాయింపు జాబితా వచ్చిన మర్నాటి నుంచి నా ఫోన్ మోగడం మొదలవుతుంది. ఎప్పుడో ఒక పెళ్లిలో పక్క విస్తట్లో తిన్నవాళ్లకు కూడా నా నంబరు గుర్తొస్తుంది. ప్రశ్న ఒకటే. పిల్లాడికి డెస్క్‌టాప్ కొనాలా, ల్యాప్‌టాప్ కొనాలా?

ఈ పదవి నాకెలా దక్కిందో ముందు చెప్పాలి. 2004లో మా ఇంట్లో సిస్టమ్‌కి డిస్‌ప్లే రాకపోతే, ర్యామ్ (మెమరీ పలక) పీకి దాని అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చాను. వచ్చింది. చూసినవాళ్లు ముగ్గురు, విన్నవాళ్లు మూడు జిల్లాల వాళ్లు. ఇరవై ఏళ్లకు పైగా ఆ రబ్బరుముక్క మీదే నా పరపతి నడుస్తోంది.

ఇన్నేళ్ల సేవలో నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ ప్రశ్నను అందరూ తప్పు ఆఫీసుకు పట్టుకెళ్తున్నారు. ఇది సాంకేతిక వ్యవహారం కానే కాదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వ్యవహారం. డెస్క్‌టాప్ స్థిరాస్తి. ల్యాప్‌టాప్ చరాస్తి. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే గజాల్లో ఆలోచించే మనకి ఇంత తేలికైన సంగతి ఇన్నాళ్లూ తట్టలేదంటే విడ్డూరమే.

డెస్క్‌టాప్‌కి హద్దులుంటాయి. మా ఇంటి సిస్టమ్‌కి దస్తావేజు రాయించి ఉంటే ఇలా ఉండేది: ఉత్తరం, గోడ. తూర్పు, కిటికీ. పడమర, బీరువా. దక్షిణం, నాన్నగారి పడక్కుర్చీ. మిగతా మూడూ పేరుకే, దక్షిణపు హద్దే అసలు హద్దు. ఆ కుర్చీలోంచి మెడ తిప్పకుండా తెర మొత్తం కనపడేది. మా తరం కంప్యూటర్ మీద సి లాంగ్వేజ్ కన్నా ముందు నేర్చుకున్న విద్య ఆల్ట్, ట్యాబ్ మీటలు కలిపి నొక్కడం. కుర్చీ కిర్రుమనేసరికి ఆట పోయి ఎక్సెల్ షీట్ రావాలి. గళ్లన్నీ ఖాళీగా ఉన్న షీట్‌ను కొడుకు అంత ఏకాగ్రతతో చూస్తున్నాడని నాన్నగారు బంధువుల దగ్గర మురిసిపోయేవారు.

స్థిరాస్తి అన్నాక వాస్తు తప్పదు. కరెంటుతో నడిచే వస్తువు కాబట్టి ఆగ్నేయంలో ఉండాలన్నారు సిద్ధాంతిగారు. ఆగ్నేయంలో అప్పటికే వంటిల్లుంది. ఉన్న ఒక్క ప్లగ్గు మిక్సీది. అమ్మ ముఖం చూసి, ప్లగ్గు ఎక్కడ ఖాళీగా ఉంటే దాన్నే ఆగ్నేయం కింద లెక్కపెట్టుకోవచ్చని ఆయనే సర్దేశారు. శాస్త్రంలో అంత వెసులుబాటు ఉంటుందని అప్పుడే తెలిసింది.

తర్వాత సీపీయూ వేడెక్కడం మొదలైంది. (మనం మొత్తం డబ్బానే సీపీయూ అంటాం. లోపలి చిప్పు ఒక్కదాన్నే అలా అనాలని పుస్తకాల్లో రాస్తారు. పుస్తకాలకేం, మోసేది మనం.) పక్క రేకు విప్పి టేబుల్ ఫ్యాన్ తిప్పాం. ఆ దారిన ఒక బల్లి గృహప్రవేశం చేసి, లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌లో కాలం చేసింది. పంచాంగం తీసి బల్లి శాస్త్రం చూశాం. తల మీద పడితే ఒక ఫలం, భుజం మీద పడితే ఒక ఫలం, పాదం మీద పడితే ఇంకోటి. ఎస్‌ఎంపీఎస్‌లో పడితే ఏమవుతుందో రాయలేదు. మాకైతే ధననష్టం.

అయినా స్థిరాస్తి గొప్పతనం అక్కడే తెలిసింది. పోయింది ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే, దాన్ని మార్చాం. తర్వాత ర్యామ్ మారింది, హార్డ్ డిస్క్ మారింది, మదర్‌బోర్డు మారింది, డబ్బా మానిటర్ పోయి పలక మానిటర్ వచ్చింది. పెంకులు మార్చి, గోడలు మార్చి, దూలాలు కూడా మార్చి తాతగారి ఇల్లే అని చెప్పుకోవడం లేదూ? అలాగే 2004లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి తెచ్చిన సిస్టమ్ ఇంకా చెక్కుచెదరలేదని నాన్నగారు 2015లో కూడా వచ్చినవాళ్లకు చూపించేవారు. అందులో 2004 నాటివి రెండే. ఒక పవర్ కేబుల్, సిస్టమ్ మీద కప్పడానికి అమ్మ కుట్టిన అల్లికల గుడ్డ.

ఇక చరాస్తి సంగతి. దాని ఇంగ్లిష్ పేరులోనే ఒడి ఉంది. డబ్బాతోపాటు వచ్చే జాగ్రత్తల కాగితంలో మాత్రం ఒళ్లో పెట్టుకోకండి, పరుపు మీద పెట్టకండి, గాలి ఆడే కన్నాలు మూసుకుపోతాయి అని ఉంటుంది. పిల్లల్ని పడుకోబెట్టరాదని రాసి ఉయ్యాల అమ్మినట్టు. నా మటుకు నేను జీవితంలో ఒళ్లో పెట్టుకున్నది ఒక్కటే, పార్క్‌లేన్ నుంచి ఆటోలో తెచ్చిన 15 అంగుళాల డబ్బా మానిటర్. దిగాక గంటసేపు కాళ్లు నావి కావు.

వంశచరిత్ర చూసినా ఇదే తంతు. 1981లో అమెరికాలో ఆస్‌బోర్న్ 1 అనే కంప్యూటర్ వచ్చింది. ఎక్కడికైనా మోసుకెళ్లొచ్చు అని చెప్పి అమ్మారు. బరువు దాదాపు 11 కిలోలు, తెర 5 అంగుళాలు, లోపల బ్యాటరీ లేదు. అంటే మోసుకెళ్లొచ్చు, వెళ్లినచోట ప్లగ్గు వెతుక్కోవాలి. అదే ఏడాది ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చింది. ఇద్దరూ ఒకే ఈడు, చరాస్తి వారే కొన్ని నెలలు పెద్ద. ఆస్‌బోర్న్‌ను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

చరాస్తితో ఇంకో చిక్కు ఇంటిపేర్లు. డెస్క్‌టాప్‌లో పెట్టే గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మలు గీసే భాగం) పేరు ఆర్‌టీఎక్స్ 4070, ల్యాప్‌టాప్‌లో పెట్టేదాని పేరూ ఆర్‌టీఎక్స్ 4070. మొదటిదానిలో లెక్కలు చేసే కోర్లు 5888, 12 జీబీ మెమరీ. రెండోదానిలో 4608 కోర్లు, 8 జీబీ. ఇంటిపేరొకటే కదా అని సంబంధం కలుపుకుంటే, వాళ్లు ఊళ్లో పెద్ద కుటుంబమనీ, వీళ్లు ఆ పేరున్న వేరేవాళ్లనీ లగ్గాలు పెట్టుకున్నాక తెలుస్తుంది. పైగా ఒకే పేరున్న రెండు ల్యాప్‌టాప్‌లలో కూడా ఒకదానిలో ఆ చిప్పుకి కడుపునిండా కరెంటు పెడతారు, ఇంకోదానిలో ఉపవాసం పెడతారు. పలచగా ఉన్నదానిలో ఉపవాసమే. ర్యామ్ చాలా వాటిలో బోర్డుకే అతికించి వస్తోంది. రేపు సరిపోకపోతే పీకి ఇంకోటి గుచ్చడం కుదరదు. నా రబ్బరుముక్కకు కాలం చెల్లింది అందుకే. కాబట్టి ఈ విషయంలో నేను నిష్పక్షపాతిని కాదని పాఠకులు గమనించగలరు.

మరి ఇన్ని లోపాలున్నా పిల్లలంతా ల్యాప్‌టాప్ అంటారెందుకు? కాన్ఫిగరేషన్ కాగితంలో ప్రాసెసర్ రాస్తారు, ర్యామ్ రాస్తారు, ఎస్‌ఎస్‌డీ రాస్తారు. అసలైనది రాయరు. మూత. ల్యాప్‌టాప్‌కి మూతుంది, డెస్క్‌టాప్‌కి లేదు. తెలుగింటి నడిమింట్లో పద్దెనిమిదేళ్ల మనిషికి గడియ ఉన్న సొంత తలుపు ఉండదు. మూత ఒక్కటే వాడి తలుపు. షాపులో మా మేనల్లుడు ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా ఆరు ల్యాప్‌టాప్‌ల మూతలు తెరిచి, మూసి, శబ్దం విన్నాడు. కీళ్లు గట్టిగా ఉన్నాయో లేదో చూస్తున్నాడని షాపతను మెచ్చుకున్నాడు. నేను ఏమీ అనలేదు. ఆల్ట్, ట్యాబ్ నొక్కి పెరిగినవాణ్ణి, ఆ మాత్రం గుట్టు కాపాడలేనా?

ఆ కొనుగోలు కథ 2023 నాటిది. మా అక్క కొడుక్కి ఖమ్మంలోనే సీటొచ్చింది. హాస్టల్ లేదు, పొద్దున్నే కాలేజీ బస్సు ఎక్కి సాయంత్రానికి ఇంటికొచ్చే చదువు. "ఏమోయ్, నువ్వొచ్చి తేలిస్తే గానీ తేలేట్టు లేదు" అని బావగారు కబురు పెట్టారు. ఆదివారం నాటుకోడి పులుసు సాక్షిగా కమిటీ కూర్చుంది.

వాళ్ల నాయనమ్మ డెస్క్‌టాప్ వైపు. "వస్తువు ఇంట్లో ఉంటే మనిషి ఇంట్లో ఉంటాడు" అన్నారు. అక్క ల్యాప్‌టాప్ వైపు, డెస్క్‌టాప్ వెనక వైర్ల మధ్య దుమ్ము దులిపేది తనే కాబట్టి. డాలస్‌లో ఉన్న బావగారి తమ్ముడు వీడియోలో చేరి, ఇండియాలో కొనకండి, నేను వచ్చేటప్పుడు తెస్తా అన్నాడు. పద్దెనిమిది నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం కట్టకుండా తెచ్చుకోవచ్చు. ప్రవాసాంధ్రుల పెట్టెల్లో అటు పచ్చళ్లు, ఇటు ల్యాప్‌టాప్‌లు ప్రయాణించడానికి మూలం ఆ నిబంధనే. డెస్క్‌టాప్‌కి ఆ భాగ్యం లేదు, స్థిరాస్తిని ఎవరు మాత్రం విమానం ఎక్కిస్తారు? ఆ వారమే, ఆగస్టు 3న, ల్యాప్‌టాప్‌ల దిగుమతికి ఇకపై లైసెన్సు కావాలని కేంద్రం ప్రకటించింది. మర్నాడే అక్టోబరు నెలాఖరుదాకా ఆగుతామంది. ఆ ఒక్కరోజు డాలస్ తమ్ముడికి కుటుంబంలో ఉన్న విలువ బంగారానికి లేదు. కాకపోతే అతను వచ్చేది డిసెంబర్లో, కాలేజీ తెరిచేది ఆగస్టులో. పైగా అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందని ఎవరూ పూచీ పడలేదు.

మేనల్లుడు మాత్రం "ప్రాజెక్టులుంటాయి కదా మావయ్యా" అన్నాడు. ఏ ప్రాజెక్టులో మేమెవరం అడగలేదు.

ఎంతకీ ఏదీ తేలలేదు. అప్పుడు బావగారు గొంతు సవరించుకుని, "అవునూ, మధ్యలో కరెంటు పోతే?" అన్నారు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. డెస్క్‌టాప్‌కైతే విడిగా యూపీఎస్ కొనాలి. మామూలుగా 600 వీఏ సామర్థ్యమున్న పెట్టె సరిపోతుంది. అది పనిచేసే పది నిమిషాల్లో మన పని సేవ్ చేసుకుని ఆపేయాలి. కరెంటు పోయినప్పటి నుంచీ అది బీప్, బీప్ అని వీధికంతా చాటుతుంది. ల్యాప్‌టాప్‌కి లోపలే బ్యాటరీ ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు.

బావగారి కళ్లు మెరిశాయి. "అంటే యూపీఎస్ కలిసొచ్చినట్టేగా!"

కలిసొచ్చింది అన్న మాట పడ్డాక మన ఇళ్లలో ఇంక చర్చ ఉండదు. ల్యాప్‌టాప్ గెలిచింది. బేరం కూడా ఖరీదెక్కువైనవాటి వైపే మొగ్గింది, ఆటలు ఆడేందుకు పనికొచ్చే బరువైనదే తీసుకున్నారు. ప్రాజెక్టుల కోసం.

మొదటి వారం అది కాలేజీకి వెళ్లొచ్చింది. రెండున్నర కిలోల యంత్రం, ఇటుకంత చార్జర్, ఇంకా పుస్తకాలు. వీపు నొప్పని వాడు, బస్సు కుదుపులకి ఏమవుతుందోనని నాయనమ్మ, ఇద్దరూ కలిసి దాని ప్రయాణాలు రద్దు చేశారు. దసరాకి మౌసు వచ్చింది. వేడెక్కుతోందని కింద ఫ్యాన్ల పలక వచ్చింది. వంగి చూస్తే మెడ పడుతోందని స్టాండ్ వచ్చింది. స్టాండ్ ఎక్కాక మీటలు అందవు గదా, కీబోర్డు వచ్చింది. సంక్రాంతికి 24 అంగుళాల మానిటర్ వచ్చింది. అది వచ్చాక ల్యాప్‌టాప్‌కి మూత తెరవాల్సిన పనే లేకుండా పోయింది. అలా మూతపెట్టే రెండేళ్లకు పైగా ఉంది. ఇంత సరంజామాకి చోటు హాల్లో బీరువా పక్కన తప్ప లేదు. బావగారి కుర్చీ సరిగ్గా దాని ఎదురుగా ఉంది. 24 అంగుళాలు కదా, మునుపటికన్నా స్పష్టంగా కనపడుతోందట.

మొన్న వెళ్లినప్పుడు చూస్తే మానిటర్ మీద అల్లికల గుడ్డ కప్పి ఉంది. వాళ్ల నాయనమ్మ కుట్టారు. మేనల్లుడు నన్ను చూసి నవ్వాడు. నేను పక్కన కూర్చోగానే ఎక్సెల్ షీట్ తెరిచాడు. ఖాళీది.

చార్జర్ రాత్రీ పగలూ ప్లగ్గులోనే ఉండటం చూసి, ఇలా ఎప్పుడూ నూరు శాతం నింపి, పైగా వేడిలో ఉంచితే బ్యాటరీ త్వరగా దెబ్బతింటుంది, సెట్టింగ్‌లో ఎనభై దగ్గర ఆగేట్టు పెట్టుకోవచ్చేమో చూడమన్నాను. "డబ్బులిచ్చి కొన్నది నూటికి, ఎనభై ఎందుకు వాడాలి?" అన్నారు బావగారు. నా దగ్గర సమాధానం లేకపోయింది.

నిన్న సాయంత్రం ఖమ్మంలో గాలివాన. కరెంటు పోవడమూ ల్యాప్‌టాప్ ఆరిపోవడమూ ఒకేసారి జరిగాయట. మూడో ఏడు అసైన్‌మెంట్, నాలుగు గంటల పని, సేవ్ చేయనిది, గాల్లో కలిసిపోయింది. ఆస్‌బోర్న్ వారి వంశం మళ్లీ ప్లగ్గు దగ్గరికే చేరింది.

రాత్రి తొమ్మిదింటికి బావగారి ఫోన్.

"ఏమోయ్, ల్యాప్‌టాప్‌కి యూపీఎస్ పెట్టుకోవచ్చా? 600 వీఏ సరిపోతుందంటావా?"

సరిపోతుందన్నాను. పెట్టడానికి చోటుందా అని అడిగాను. పడమర బీరువాకీ టేబుల్‌కీ మధ్య జానెడు సందు ఉందన్నారు. దక్షిణం వైపు చాలా ఖాళీ ఉందిగా అంటే మాత్రం, అటు తన కుర్చీ ఉందని, అది కదపడం కుదరదని చెప్పారు.