ఊరూ పేరూ లేని జట్టు

ఈ మధ్య బేస్‌బాల్ అభిమానులు జట్ల యజమానులను తిట్టడం మరీ ఎక్కువైంది. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పున ఉండే మా బోటి వాళ్లకైతే జాన్ ఫిషర్ పేరు వింటే చాలు, పూనకం వస్తుంది. ఓక్లండ్ అథ్లెటిక్స్ జట్టు 57 సీజన్ల పాటు ఆడిన ఊరిని విడిచి వెళ్లింది ఆయన హయాంలోనే. ఆయన తరఫున నాలుగు మంచి మాటలు చెప్పే నాథుడు ఇంతవరకు దొరకలేదు. ఆ లోటు తీర్చాలనే సదుద్దేశంతోనే ఈ వ్యాసం.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. బేస్‌బాల్ అంటే జట్టుకు తొమ్మిది మంది చొప్పున మైదానంలో ఆడే ఆట అని చాలామంది నమ్మకం. టికెట్ కొన్నవాళ్లకు అలాగే కనిపిస్తుంది, కాదనను. కానీ అసలు ఆట యజమానికీ ఊరికీ మధ్య జరుగుతుంది. "కొత్త స్టేడియం కట్టించి ఇవ్వకపోతే వెళ్లిపోతాం" అని యజమాని బంతి విసురుతాడు. ఊరు దాన్ని ఎదుర్కోవాలి. ఆడితే పన్ను కట్టేవాళ్ల సొమ్ము పోతుంది, వదిలేస్తే జట్టు పోతుంది. విసిరినవాడు ఓడే అవకాశమే లేని ఇంత పకడ్బందీ ఆట ఇంకొకటి చూపించండి.

ఈ లెక్కన చూస్తే అథ్లెటిక్స్ యాజమాన్యం వంటి మేటి యాజమాన్యం మరొకటి లేదు. 2005లో ఫిషర్, ఆయన భాగస్వామి లూ వుల్ఫ్ కలిసి జట్టును 18 కోట్ల డాలర్లకు కొన్నారు. ఫిషర్ తల్లిదండ్రులు గ్యాప్ బట్టల దుకాణాల స్థాపకులు కాబట్టి డబ్బుకు కటకట ఏమీ లేదు. ఈ జట్టు చిహ్నం ఏనుగు. 1902లో, జట్టు ఫిలడెల్ఫియాలో ఉన్న రోజుల్లో, న్యూయార్క్ జెయింట్స్ మేనేజర్ జాన్ మెగ్రా దీన్ని తెల్ల ఏనుగు అని ఎగతాళి చేస్తే, ఈ జట్టు మేనేజర్ కాన్నీ మ్యాక్ ఆ ఎగతాళినే చిహ్నంగా తగిలించుకున్నారు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అనే మన సామెతను ఆయన ఎక్కడ విన్నారో గానీ, నూరేళ్ల తర్వాత అది అక్షరాలా నిజమైంది. 2023లో జట్టు 162 మ్యాచ్‌లు ఆడి 112 ఓడింది. జట్టు విలువ మాత్రం వంద కోట్ల డాలర్లు ఎప్పుడో దాటేసింది. గెలవడానికి అనవసరంగా ఖర్చు పెట్టే మిగతా యజమానులు దీన్ని చూసి సిగ్గుపడాలి.

112 ఓటములు ఊరికే రావు, వాటి వెనక కృషి ఉంటుంది. 2020లో ఈ జట్టు తన డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచింది, 2021లో 86 మ్యాచ్‌లు గెలిచింది. ప్రమాదాన్ని పసిగట్టిన యాజమాన్యం వెంటనే నడుం బిగించింది. మేనేజర్ బాబ్ మెల్విన్‌ను శాన్ డియేగోకు వెళ్లనిచ్చింది. మాట్ ఓల్సన్‌ను అట్లాంటాకు, మాట్ చాప్మన్‌ను టొరంటోకు, క్రిస్ బాసిట్‌ను న్యూయార్క్ మెట్స్‌కు, షాన్ మనాయాను శాన్ డియేగోకు పంపించింది. ఒకరు మిగిలిపోయారని గుర్తొచ్చి, 2022 చివర్లో షాన్ మర్ఫీని కూడా అట్లాంటాకే సాగనంపింది. ఇదే సమయంలో టికెట్ల ధరలు పెంచింది. 2022 సీజన్ మొత్తం మీద జట్టు ఆడే ఓక్లండ్ స్టేడియం కోలిజియానికి వచ్చినవారు 7,87,902 మంది, లీగ్‌లో అందరికన్నా తక్కువ. అప్పుడు యాజమాన్యం బాధగా తల పంకించి, ఈ ఊళ్లో జనం రావడం లేదంది. ఇడ్లీ హోటల్ యజమాని వంటవాణ్ణి తీసేసి, చట్నీ ఆపేసి, ప్లేటు ధర పెంచి, చివరికి ఈ పేటలో ఇడ్లీ తినే అలవాటు లేదని తేల్చినట్టు.

ఇక స్టేడియం సంగతి. కోలిజియం 1966లో తెరిచిన కాంక్రీటు గిన్నె. 2013లో ఒకసారి మురుగునీరు పైకి తన్ని దుస్తులు మార్చుకునే గదుల్లోకి వస్తే రెండు జట్ల ఆటగాళ్లూ పై అంతస్తుకు వెళ్లి ఒకే గదిలో స్నానాలు చేశారు. 2023లో బయటి జట్ల వ్యాఖ్యాతల గదిలో పాసమ్ అనే జంతువు కాపురం పెట్టింది. ఎన్నో జట్లు ఆటగాళ్ల మధ్య సఖ్యత పెంచాలని లక్షలు తగలేస్తాయి. ఇక్కడ అది మురుగు గొట్టాల పుణ్యమా అని ఉచితంగా జరిగింది. అవుట్‌ఫీల్డ్ వెనక కొండలు కనిపించే చోట 1990లలో రైడర్స్ ఫుట్‌బాల్ జట్టు కోసం మౌంట్ డేవిస్ అనే కాంక్రీటు గ్యాలరీల కొండ కట్టారు. ఆ రైడర్స్ 2020లో లాస్ వేగస్ వెళ్లిపోయాక కూడా ఓక్లండ్ నగరం, అలమీడా కౌంటీ దాని అప్పు కడుతూ వచ్చాయి. ఇంత అనుభవం ఉన్నాక కూడా ఆ నగరం ఇంకో యజమాని ముందు జేబులు ఖాళీ చేయడానికి తటపటాయించింది. కృతజ్ఞత లేని ఊరు!

మా ఫ్రీమాంట్‌కూ ఒక అవకాశం వచ్చింది. 2006లో ఇక్కడే స్టేడియం కడతామన్నారు, 2009లో మానుకున్నారు. తెలుగువాళ్లు వీధికొకరు ఉండే ఊరు. కట్టి ఉంటే మొదటి బంతికి ముందు కొబ్బరికాయ కొట్టేవాళ్లం. తర్వాత శాన్ హోసే అన్నారు. ఆ ప్రాంతం మాదని శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ అడ్డం తిరిగింది. శాన్ హోసే నగరం కోర్టుకు వెళితే 2015లో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకే తీసుకోలేదు. ఎందుకంటే 1922లో అదే కోర్టు ఒక తీర్పు చెప్పింది. ఆ తీర్పు ప్రకారం బేస్‌బాల్ ప్రదర్శనలు రాష్ట్రాల మధ్య జరిగే వాణిజ్యం కిందకు రావు, గుత్తాధిపత్య నిరోధక చట్టం వాటికి వర్తించదు. అంటే లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు షోహెయ్ ఒతానీ అనే ఒక్క మనిషికి పదేళ్లకు 70 కోట్ల డాలర్లు రాసిచ్చి, అందులో 68 కోట్లు 2034 నుంచి చెల్లిస్తామని ఒప్పందం కుదుర్చుకోవడం వ్యాపారం కాదు. భజన మండలి కార్యకలాపం అయి ఉండాలి.

శాన్ హోసే ముచ్చట ముగిశాక ఓక్లండ్ రేవు దగ్గర హోవర్డ్ టెర్మినల్ అన్నారు. ఆ చర్చలు నడుస్తుండగా "ఓక్లండ్‌లోనే మా వేళ్లు" అనే నినాదంతో ప్రచారం చేశారు. దీన్ని అభిమానులు ఇప్పుడు మోసం అంటున్నారు. వేళ్లు లేనిదే పెకలించడం ఎలా సాధ్యం? యాజమాన్యం ముందే నిజం చెప్పింది, మనమే సగం విన్నాం.

2023 జూన్ 13న ఈ ఊరి జనం ఒక చిత్రమైన నిరసన చేశారు. మ్యాచ్‌కు రాకుండా ఉండటం కాదు, కట్టగట్టుకుని రావడం. 27,759 మంది. అప్పటికి లీగ్‌లోనే మంచి ఊపు మీదున్న టాంపా బే రేస్ జట్టు ఎదురుగా ఉంది. తెనాలి నుంచి వచ్చిన మా మామగారిని వెంటబెట్టుకుని నేనూ వెళ్లాను. లోపలికి వెళ్తుంటే చేతిలో ఒక ఆకుపచ్చ టీషర్టు పెట్టారు. దాని మీద ఇంగ్లీషులో ఒకే మాట, అమ్మెయ్ అని. అయిదో ఇన్నింగ్స్ మొదలవుతూనే మొదటి బ్యాటర్ ఆడినంత సేపూ స్టేడియం మొత్తం నోరు మెదపలేదు. తర్వాత కుడివైపు గ్యాలరీలో డప్పులు మొదలై, జట్టును అమ్మెయ్ అంటూ జనం అరిచిన అరుపుకు మామగారు చేతిలోని వేరుశనగలు ఒలకబోసుకున్నారు.

"అల్లుడుగారూ, వీళ్లంతా మన జట్టువాళ్లే కదా? మరి అమ్మేయమంటున్నారేమిటి?"

"యజమాని మీద కోపమండీ."

ఆ రాత్రి అథ్లెటిక్స్ 2-1 తేడాతో గెలిచింది. జనం సీట్ల మీద ఎక్కి గెంతుతున్నారు. మామగారు ఆ సందడంతా చూసి తృప్తిగా అన్నారు: "పోనీలెండి, గెలిచారు కదా. ఇంత జనం కూడా వచ్చారు. యజమాని సంతోషించే ఉంటాడు."

పాపం, పొలం పనులూ ధాన్యం ధరలూ తప్ప తెలియని మనిషి. ఊళ్లో జనం వస్తున్నారనే సాక్ష్యం యజమానికి ఎంత చేటో ఆయనకు ఏం తెలుసు! అదృష్టవశాత్తు అదే రోజు నెవాడా సెనేట్ ఆదుకుంది. లాస్ వేగస్‌లో స్టేడియానికి 38 కోట్ల డాలర్ల దాకా ప్రజాధనం ఇచ్చే బిల్లును ఆమోదించింది. రెండు రోజుల్లో గవర్నర్ సంతకం కూడా పడింది. నవంబరులో 30 జట్ల యజమానులూ ఏకగ్రీవంగా సరేనన్నారు. ఒక్క ఓటు తేడా లేదు. ఊరినుంచి ఊరికి జట్టును ఎత్తుకుపోయే హక్కు విషయంలో ఆ వర్గంలో ఉన్న ఐకమత్యం మన గృహ సముదాయ సంఘాల్లో ఉంటే ఎంత బాగుండును.

ఆధునిక బేస్‌బాల్ నిబంధనల మీద కూడా ఫిర్యాదులున్నాయి, వాటినీ ఇక్కడే తేల్చేస్తాను. ప్రేక్షకుడి సమయం విలువైనదని లీగ్‌కు 2023లో జ్ఞానోదయమై, బంతి విసిరే పిచర్ నెత్తిన గడియారం పెట్టింది. బేస్‌ల మీద, అంటే పరుగు దారిలోని మజిలీల మీద, ఎవరూ లేకపోతే 15 సెకన్లలో బంతి వేయాలి. దాంతో 2022లో సగటున 3 గంటల 4 నిమిషాలు పట్టిన ఆట మరుసటి ఏడాది 2 గంటల 40 నిమిషాలకు దిగింది. మంచిదే. అయితే 2005లో జట్టును కొని స్టేడియం గురించి 2023 దాకా తేల్చని మనిషి పక్కన మాత్రం ఏ గడియారమూ పెట్టలేదు. పిచర్ పదహారో సెకనుకు వస్తే ఒక బాల్, అంటే చెడు బంతి వేసినట్టు లెక్క, శిక్ష. యజమాని పద్దెనిమిదేళ్లు తీసుకుంటే ఊరికి శిక్ష.

పాత అభిమానులకు మింగుడుపడని ఇంకో నిబంధన, అదనపు ఇన్నింగ్స్‌లో ఒక రన్నర్‌ను ఉట్టినే రెండో బేస్‌లో నిలబెట్టడం. అతను బంతి కొట్టలేదు, పరుగెత్తలేదు, అయినా సగం దూరం వచ్చేసి ఉంటాడు. ఇది ఆటకు అవమానమని వాపోతున్నారు. తండ్రి ఆస్తితో జట్లు కొన్నవారు కూర్చున్న సభలో ఈ ఆలోచన ఎవరికీ వింతగా తోచకపోవడంలో వింతేముంది? ఓక్లండ్ వీధుల్లోనే పెరిగిన అథ్లెటిక్స్ ఆటగాడు రికీ హెండర్సన్ 1982లో ఒక్క సీజన్‌లో 130 బేస్‌లు దొంగిలించారు, అంటే పిచర్ కన్నుగప్పి తర్వాతి బేస్‌కు పరుగెత్తారు; జీవితం మొత్తంలో 1,406. ప్రతి ఒక్కటీ దుమ్ములో బోర్లా పడి సంపాదించిందే. పాతకాలపు మనిషి.

చివరి మ్యాచ్ 2024 సెప్టెంబరు 26న జరిగింది. రావడం లేదన్న జనం 46,889 మంది వచ్చారు. టెక్సాస్ రేంజర్స్ మీద 3-2తో గెలుపు. ఆట అయ్యాక మైదాన సిబ్బంది గోడ దగ్గరకు వచ్చి, చేయి చాచిన వారికల్లా ఇన్‌ఫీల్డ్ మట్టి తీసి ఇచ్చారు. గ్లాసుల్లో, సంచుల్లో, దోసిళ్లలో పట్టుకుపోయారు జనం. నాకు యాజమాన్యంలో కనిపించిన ఒకే ఒక్క లోపం ఇది. కోలిజియం స్థలంలో కౌంటీ వాటాను వాళ్లు 8.5 కోట్ల డాలర్లకు కొని, తమ వాటాను 12.5 కోట్లకు అమ్మడానికి ఒప్పందం చేసుకున్నారు. అసలు ఆటలో హోమ్ రన్ అంటే అదే. అంత లెక్క తెలిసినవాళ్లు ఆ రాత్రి మట్టిని తూకం వేయకుండా ఎలా వదిలేశారో అంతుపట్టదు.

2025లో జట్టు శాక్రమెంటో పక్కన, చిన్న లీగ్ జట్టు ఆడే స్టేడియంలో దిగింది. లాస్ వేగస్‌లో 2028కి కడతామంటున్నారు కాబట్టి అప్పటిదాకా అద్దె కాపురం. సుమారు 14,000 మంది పడతారు. ఆటగాళ్ల గదులు అవుట్‌ఫీల్డ్ గోడ అవతల ఉన్నాయి. మ్యాచ్ మధ్యలో బ్యాటు మార్చుకోవాలన్నా వీడియో చూసుకోవాలన్నా గది చేతికందేంత దగ్గర్లో ఉండదు. నడక ఆరోగ్యానికి మంచిదే కదా. జట్టు పేరులో ఊరి పేరు తీసేశారు. ఉత్త అథ్లెటిక్స్. చొక్కా ఒక చేతి మీద శాక్రమెంటో బిళ్ల, రెండో చేతి మీద లాస్ వేగస్ ప్రకటన బిళ్ల. ఉంటున్న ఊరు ఒక వైపు, ఇంకా చేరని ఊరు మరో వైపు. 57 సీజన్లు ఉన్న ఊరికి చొక్కా మీద జానెడు గుడ్డ కూడా మిగల్లేదు.

హైదరాబాద్ వాళ్లు దీన్ని చూసి నవ్వుకోవచ్చు. 2009లో ఐపీఎల్ కప్పు గెలిచిన డెక్కన్ చార్జర్స్ 2012 కల్లా పుస్తకాల్లోంచే మాయమైంది. కానీ వాళ్లకు అదే ఊళ్లో కొత్త చొక్కాతో మరో జట్టు దిగింది. అటువంటి మొరటు పద్ధతి అమెరికాలో ఉండదు. ఇక్కడ జట్టు క్షేమంగా ఉంటుంది, ఊరే రద్దవుతుంది.

ఖాళీ అయిన కోలిజియంలో 2025 జూన్‌లో ఏం జరిగిందో తెలుసు కదా? క్రికెట్. ఆ ఏటి మేజర్ లీగ్ క్రికెట్ మొదటి మ్యాచ్‌లోనే శాన్‌ఫ్రాన్సిస్కో యూనికార్న్స్ బ్యాటర్ ఫిన్ అలెన్ 51 బంతుల్లో 151 కొట్టాడు, అందులో 19 సిక్సర్లు. నా చుట్టుపక్కల వాళ్లంతా ఇక మన ఆటే ఇక్కడికి వచ్చేసిందని సంబరపడుతున్నారు. నేనైతే ఆ జట్టు యాజమాన్యం ముందుచూపుకు దండం పెడుతున్నాను. ఆడేది ఓక్లండ్‌లో, పేరు శాన్‌ఫ్రాన్సిస్కో. రేపు ఊరు విడిచి వెళ్లాల్సి వస్తే చొక్కాల మీద పేరు చెరిపే ఖర్చు కూడా ఉండదు.