నియామక పత్రం యజమానికే రక్ష

నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చినప్పటి నుంచి ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల తెలుగు వ్యాపారుల నోట ఒకే మాట వినిపిస్తోంది: చట్టమంతా కూలివాడి పక్షమే, ఇక మిల్లు నడపడం కష్టం. పాత 29 చట్టాల స్థానంలో ఇవి వచ్చిన వైనం, కార్మిక సంఘాల నిరసన పాఠకులకు తెలిసినవే. నా దృష్టిలో సరిహద్దు యజమాని చిక్కుల్లో పడుతున్నది చాలావరకు పనివారికి నియామక పత్రం, లెక్కకు కాగితం రాయని అలవాటు వల్లనే.

ఇక్కడి ఒక మోస్తరు బియ్యం మిల్లులో గుమాస్తా బల్ల మీద పొడుగు పుస్తకం ఒకటి ఉంటుంది. ఎడమవైపు పేరు, పక్కన హాజరు గీతలు, చివర ‘పండక్కి అడ్వాన్సు’ అని పెన్సిలుతో వేసిన అంకె. సంతకం ఉండదు, వేలిముద్ర ఉండదు. నెల మారగానే ఆ అంకె కొట్టేసి మరొకటి వేస్తారు. హమాలీల లెక్క మేస్త్రీ చూసుకుంటాడు కనుక వారి పేర్లు అందులో అసలే కనిపించవు.

తగాదా వచ్చిన రోజున ఈ పుస్తకం ఎందుకూ కొరగాదు. జీతం ఇవ్వలేదనో, తక్కువ ఇచ్చారనో, అక్రమంగా కోత పెట్టారనో కార్మికుడు క్లెయిము వేస్తే, చెల్లించానని నిరూపించుకోవలసిన భారం యజమానిదేనని వేతనాల కోడ్ 59వ సెక్షను స్పష్టంగా చెబుతోంది. ఆ క్లెయిము వేయడానికి మూడేళ్ల గడువుంది. పని మానేసినా, తీసేసినా బకాయి రెండు పనిదినాల్లో చెల్లించాలి. తక్కువ చెల్లించినట్లు తేలితే 50,000 రూపాయల వరకు జరిమానా. అంటే పండక్కి నిజంగానే చేతిలో పెట్టిన సొమ్ము కూడా, రసీదు లేకపోతే, అధికారి ముందు ఇవ్వనట్లే లెక్క. పని నుంచి తీసేసినప్పుడు పరిహారం కోరడానికి ఆధారమైన ఏడాదిలో 240 రోజులు పనిచేసినట్లు రుజువు చేసుకోవలసింది కార్మికుడేనని 2002లో సుప్రీంకోర్టు అన్న మాటను పట్టుకొని ధైర్యంగా ఉన్నవారున్నారు. ఆ తరువాత అదే కోర్టు, రోజుకూలికి నియామక పత్రమూ రసీదూ ఉండవు కనుక అతడు సాక్ష్యం చెప్పి యజమాని దగ్గరున్న హాజరు పట్టీలను తెప్పించమని కోరవచ్చునని చెప్పిన సంగతి వారి చెవిన పడినట్లు లేదు.

సరిహద్దులో దీనికి ఇంకో మెలిక ఉంది. 1979 నాటి చట్టం కాంట్రాక్టరు తెచ్చిన కూలీలనే అంతర్రాష్ట్ర వలస కార్మికులుగా చూసింది. నాలుగింటిలో ఒకటైన వృత్తి భద్రతా కోడ్ మాత్రం వేరే రాష్ట్రం నుంచి తనంతట తాను వచ్చి పనిలో చేరిన మనిషిని కూడా, నెల వేతనం 18,000 రూపాయలు మించకపోతే, ఆ లెక్కలోకే తెచ్చింది. సూరత్ మగ్గాలకు వెళ్లే గంజాం కుర్రాడికి ఈ నిబంధన ఎంతో అవసరం. కానీ పొద్దున ఇచ్ఛాపురంలో బయలుదేరి బరంపురంలో పనిచేసి సాయంత్రానికి ఇల్లు చేరే మనిషి కూడా ఈ మాటల కింద ఇమిడిపోగలడు. అలాంటివారు పదిమంది ఉన్న సంస్థకు స్వస్థలానికి రానుపోను ఛార్జీల వంటి బాధ్యతలు తగులుతాయి. ఎవరిది ఏ రాష్ట్రమో రాసుకోని యజమానికి తన దగ్గరున్నది తొమ్మిదిమందో పదకొండుమందో కూడా తెలియదు.

పత్రం ఇస్తే పీఎఫ్, ఈఎస్ఐ మెడకు చుట్టుకుంటాయని, పంట కోతల కాలంలో చెప్పకుండా వెళ్లిపోయేవాడికి పత్రమెందుకని, కూలిలో పీఎఫ్, ఈఎస్ఐ కోత పడితే చేతికి తక్కువ వస్తుందని కూలీలే వద్దంటారని యజమానులు వాదిస్తారు. చివరిది నిజమే. అయితే ఈఎస్ఐకి పదిమంది, పీఎఫ్‌కు ఇరవైమంది అన్న లెక్క తలలను బట్టి వేసేది. పత్రం దాచినంత మాత్రాన తలలు తగ్గవు. పైగా ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని, కోడ్ అమలుకు ముందే పనిలో ఉన్నవారికి అమలు నుంచి మూడు నెలల్లో ఇవ్వాలని భద్రతా కోడే చెప్పింది.

అసలు ప్రశ్న ఆ పత్రం ఏ భాషలో ఉండాలన్నది. ఎవరో కన్సల్టెంటు పంపిన ఇంగ్లీషు నమూనా మీద సవర, కుయి, ఒడియా, తెలుగు మాట్లాడే మనుషుల చేత వేలిముద్రలు వేయిస్తే రేపు విచారణలో ‘నాకు చదివి చెప్పలేదు’ అన్న ఒక్క మాటతో అది వీగిపోతుంది. కర్మాగార నోటీసులు ఇంగ్లీషుతో పాటు అధిక సంఖ్యాక కార్మికులకు అర్థమయ్యే భాషలో ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. ఈ జిల్లాల్లో దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గీత మారింది కానీ మనుషులు కదలలేదు. అప్పటి నుంచి తమకు చదవరాని కాగితాల మీద సంతకాలు పెడుతూ వచ్చిన సరిహద్దు తెలుగువారు, యజమానులయ్యాక ఇతరుల చేత అదే చేయించడం నాకు మింగుడుపడని విషయం. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. ఒప్పందాన్ని అర్థం చేసుకునే హక్కు అంతకంటే చిన్నదేమీ కాదు.

ఒడియా, తెలుగు, సవర, కుయి భాషల్లో నమూనా పత్రాలు అచ్చువేయించి జిల్లా కార్మిక కార్యాలయాలే పంచాలి. అవి వచ్చేదాకా మిల్లు యజమాని ఒక పేజీ తానే రాయించుకోవచ్చు: పేరు, ఊరు, రాష్ట్రం, చేరిన తేదీ, పని, కూలి, తీసుకున్న అడ్వాన్సు, దాన్ని ఏ భాషలో ఎవరు చదివి వినిపించారు, ఆ వినిపించిన మనిషి సంతకం.