కొల్లేరు మ్యాపులో నీలమంతా సరస్సేనా?

ఉపగ్రహ చిత్రంలో కొల్లేరును దూరం నుంచి చూస్తే సరస్సు తరిగిపోతోందన్న బెంగ తీరిపోతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ నీరు బాగానే కనిపిస్తుంది. జూమ్ చేస్తే మాత్రం ఆ నీలంలో స్కేలు పెట్టి గీసినట్టు గళ్లు బయటపడతాయి. అవి చేపల చెరువుల గట్లు.

నీటిని గుర్తించడానికి కంప్యూటర్‌లో మ్యాపులను విశ్లేషించే జీఐఎస్‌లో ఎక్కువగా వాడేది ఎన్‌డీడబ్ల్యూఐ అనే సూచీ. ఆకుపచ్చ, పరారుణ కాంతులు ఎంతెంత తిరిగొచ్చాయో పోల్చి అది నీటిని పట్టుకుంటుంది. సరస్సు నీరైనా చెరువు నీరైనా దానికి ఒకటే. గుర్రపుడెక్క, కిక్కిస కమ్మేసిన చిత్తడిని నీటి లెక్కలోంచి తీసేస్తుంది కూడా. అలా చెరువులు సరస్సు ఖాతాలో పడి, అసలు సరస్సు కొంత మాయమవుతుంది. ఒక్కరోజు చిత్రంతో ఈ చిక్కు తీరదు. సరస్సులో కలిసే బుడమేరు, తమ్మిలేరు పొంగితే సరస్సు విస్తరిస్తుంది, ఎండలకు కుంచించుకుపోతుంది. గట్ల మధ్య నీటికి అంత తేడా రాదు. ఏడాది పొడవునా గమనిస్తే రెండూ విడిపోతాయి. వానాకాలం మబ్బులను దాటి చూసే సెంటినెల్-1 ఉపగ్రహపు రాడార్ చిత్రాలు ఉచితంగానే దొరుకుతున్నాయి.

అసలు పేచీ సరిహద్దుది. 1999లో 5వ కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. చిత్తడి నేలల అంతర్జాతీయ ఒప్పందం కింద వచ్చిన 2002 నాటి రామ్‌సార్ గుర్తింపులోనేమో విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. 5వ కాంటూరంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు, దాదాపు మీటరున్నర. దాన్ని 3కి కుదించాలన్న డిమాండుంది. రెండింటికీ తేడా రెండడుగులే! ఉచితంగా దొరికే ఎస్ఆర్‌టీఎం ఎత్తుల డేటాలో పొరపాట్లే మీటర్లలో ఉంటాయి. ఆఫీసులో కూర్చుని దాంతో గీసిన కాంటూరును నేనైతే నమ్మను. నేల మీద లెవెలింగ్ సర్వే గానీ, విమానం నుంచి లేజర్ కిరణాలతో ఎత్తులు కొలిచే లైడార్ గానీ చేయాల్సిందే. అది చేసినా, మట్టి పోసి గట్టు లేపితే ఆ జాగా ఐదడుగులు దాటేస్తుంది. కాబట్టి గీతను ఒకసారి తేల్చి, అక్షాంశ రేఖాంశాలతో ఖాయం చేయాలి.

1980ల నుంచీ 30 మీటర్ల స్పష్టతతో ఉన్న లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు వరసగా చూస్తే పెద్ద చెరువులు ఏ కాలంలో పుట్టాయో చాలావరకు తేలుతుంది. 1999కి ముందువి ఏవో, 2006లో ప్రభుత్వం చెరువులు తొలగించిన ఆపరేషన్ కొల్లేరులో కొట్టేశాక మళ్లీ లేచినవి ఏవో విడదీయొచ్చు. ఆ మ్యాపును సర్వే నంబర్ల మీద పరిచి అందరికీ కనిపించేలా పెట్టాలి. ఆక్రమణను నిలదీసేవాళ్లకే కాదు, పరిహారం అడిగే జిరాయితీ (సొంత పట్టా భూమి) రైతుకూ అది కావాలి.