ముక్కుతాడు పోయింది, ఉచ్చు మిగిలింది

కావలి, కందుకూరు, ఆత్మకూరు వీధుల్లో డమరుకం మోగితే ఒకప్పుడు పిల్లలంతా గుంపుగా చేరేవారు. నలభై దాటినవారికి ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది. ఎలుగుబంటి వెనుక కాళ్ల మీద లేచి ఊగేది. నిద్రలో ఉలికిపడే పసివాళ్లను తల్లులు దాని వీపు మీద కూర్చోబెట్టేవారు. నాలుగు వెంట్రుకలు కొని తాయెత్తులో పెట్టించేవారు. దాని ముట్టె వంక పరీక్షగా చూసినవారు తక్కువ.

చూసి ఉంటే కడుపు తరుక్కుపోయేది. తల్లిని చంపి ఎత్తుకొచ్చిన పిల్ల అది. నెలల వయసులోనే, మత్తు మందైనా లేకుండా, కాల్చిన ఇనుప సూదితో ముట్టెను పొడిచి ఆ పచ్చి గాయంలోంచి తాడు దూర్చేవారు. కోరలు ఊడగొట్టేవారు. తాడు లాగినప్పుడల్లా పుట్టే బాధకు అది కాళ్లెత్తి గెంతితే, మనం దాన్ని ఆట అన్నాం.

ఆ ఘోరం ఆగింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎలుగుబంటి వేటను నిషేధించింది. 1998లో కేంద్రం దాన్ని ఆడించడాన్నీ నిషేధించింది. అయితే కేవలం చట్టంతోనే ఆగలేదు. వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ సంస్థ 1999లో ఆగ్రాలో సంరక్షణ కేంద్రం నెలకొల్పి, ఎలుగులను ఆడించే కలందర్ కుటుంబాలకు వేరే బతుకుదెరువు చూపింది, వారి పిల్లలను బడికి పంపింది. ఆ భరోసాతోనే వారు తాళ్లు వదిలారు. అలా 600కు పైగా ఎలుగులు విడుదలయ్యాయి. 2009లో చివరి ఎలుగు కూడా సంరక్షణకు చేరింది. మనిషి కూటికి దారి చూపితేనే జంతువు మెడ మీది కత్తి దిగుతుందని ఆ అనుభవం తేల్చింది.

ప్రపంచమంతటా ఇలా లేదు. చైనాలో ఇప్పటికీ నల్ల ఎలుగులను ఇరుకు బోనుల్లో ఏళ్ల తరబడి బంధించి, పొట్టకు రంధ్రం చేసి పైత్యరసం తీస్తున్నారు. అందులో మందుగా పనికొచ్చే ఆమ్లాన్ని ఎలుగు జోలికి పోకుండానే తయారుచేస్తున్నారు. కాలేయ జబ్బులకు మన మందుల దుకాణాల్లో ఆ బిళ్లలే అమ్ముతారు. దక్షిణ కొరియా 2026 జనవరి నుంచి ఇలాంటి పెంపకాన్ని చట్టంతో నిషేధించింది. మిగిలినవారూ ఆ దారి పట్టాలి.

మన ఇంటి సంగతి చూసుకుందాం. పెంచలకోన, ఉదయగిరి కొండల నుంచి వెలిగొండల మీదుగా గిద్దలూరు, మార్కాపురం వైపు నల్లమల దాకా ఎలుగుబంటికి నెలవులున్నాయి. చెదపుట్టలు తవ్వి, ఈత, నేరేడు, రేల కాయలు ఏరుకుని, పిల్లలను వీపు మీద మోసుకుంటూ బతికే జీవి. దానికి నేడు ముక్కుతాడు లేదు. చేను గట్టున ఉచ్చు ఉంది. అడవి పందుల కోసం బైకు క్లచ్ తీగను ముడివేసి చెట్టు మొదట్లో కడతారు. ఆ దారిన వచ్చిన ఎలుగు కాలో నడుమో అందులో చిక్కుతుంది. గింజుకునే కొద్దీ తీగ చర్మం కోసి కండలోకి దిగుతుంది. తీగను కొరికి పళ్లు విరగ్గొట్టుకుంటుంది. తెల్లవారేసరికి చుట్టూ నేలంతా గోళ్లతో దున్నినట్టుంటుంది.

ఉచ్చు పెట్టిన రైతును దోషిగా నిలబెట్టి చేతులు దులుపుకోవడం మాకు సమ్మతం కాదు. రాత్రికి రాత్రి వేరుశనగ చేనంతా పందులు తవ్విపోస్తే అప్పు తీర్చేదెవరు? ఎలుగు దాడిలో ముఖం ఛిద్రమైన గొర్రెల కాపరి భయాన్నీ మేము తేలిగ్గా తీసుకోం. అందుకే కలందర్ల విషయంలో ఫలించిన పద్ధతే ఇక్కడా కావాలి. పంట నష్టపరిహారం మరో పంట వేసేలోగా రైతు చేతికి అందాలి. చేలకు కంచె వేసుకోవడానికి సాయం చేయాలి. అడవి అంచు గ్రామాల్లో ఉచ్చులు ఏరే పనిని కూలి ఇచ్చి స్థానికులకే, కొండలు ఎరిగిన చెంచులకే అప్పగించాలి. ఇంత చేశాక కూడా తీగ బిగించేవారి మీద, కరెంటు పారించేవారి మీద, వెంట్రుకలు, గోళ్లు అమ్మేవారి మీద చట్టాన్ని నిక్కచ్చిగా ప్రయోగించాలి. మూడు నుంచి ఏడేళ్ల జైలుశిక్ష పడే నేరమిది.

ఎండలు ముదిరితే నీటి కోసం ఎలుగులు ఊళ్ల దాకా వస్తాయి. వందల మంది ఫోన్లు పట్టుకుని, రాళ్లు విసురుతూ తరిమితే బెదిరిన జంతువు మనుషుల మీదికే దూకుతుంది. జనాన్ని దూరంగా ఉంచే బాధ్యత పోలీసులు, పంచాయతీ తీసుకోవాలి. మత్తుమందు తుపాకీ వాడటం తెలిసిన పశువైద్యుడు, వల, బోను ఉన్న వాహనం నెల్లూరులో ఒకటి, మార్కాపురంలో ఒకటి పగలూ రాత్రీ సిద్ధంగా ఉండాలి. కొండల్లోని నీటి తొట్లను మార్చి నెల దాటకముందే నింపడం మొదలుపెట్టాలని అటవీ శాఖను కోరుతున్నాం.