పీఎస్5 కేబుల్ ల్యాప్‌టాప్‌కి పెడితే గేమ్ రికార్డ్ అవుతుందా?

"క్యాప్చర్ కార్డు దండగ. పీఎస్5 హెచ్‌డీఎంఐ కేబుల్‌ని మానిటర్ నుంచి పీకి ల్యాప్‌టాప్‌కి పెట్టండి. విండోస్, పీ బటన్లు కలిపి నొక్కి ఓబీఎస్‌లో రికార్డ్ కొట్టండి, అంతే!" పీఎస్5 అంటే సోనీ గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 5. క్యాప్చర్ కార్డు అంటే కన్సోల్ బొమ్మను కంప్యూటర్‌లోకి తెచ్చే చిన్న పరికరం, ఓబీఎస్ అంటే దాన్ని రికార్డ్ చేసే సాఫ్ట్‌వేర్. ఈ సలహా రీల్స్‌లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ తెగ తిరుగుతోంది. దాని వెంటే ఇంకో మూడు మాటలు: కార్డు పెడితే గేమ్ లాగ్ అవుతుంది (బటన్ నొక్కాక తెర మీద ఆలస్యంగా కనిపిస్తుంది), డబ్బా మీద 4కే అని ఉంటే 4కేలోనే రికార్డ్ అవుతుంది, తెర నల్లగా వచ్చినా సౌండ్ రాకపోయినా కార్డు పోయినట్టే.

మొదటిది శుద్ధ అబద్ధం. దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ హెచ్‌డీఎంఐ పోర్టు బొమ్మను బయటికి పంపడానికే తప్ప లోపలికి తీసుకోవడానికి కాదు. పీఎస్5 పోర్టూ అంతే. రెండు కుళాయిలకు మధ్య ఒక పైపు బిగిస్తే నీళ్లు ఎటు పోతాయి? కన్సోల్ ముందు అవతలి తెరను "నువ్వు ఏ రిజల్యూషన్ చూపించగలవు?" అని అడుగుతుంది. మానిటర్ జవాబిస్తుంది, ల్యాప్‌టాప్ ఇవ్వదు. ఇక విండోస్, పీ బటన్లు ల్యాప్‌టాప్ తెరను ప్రొజెక్టర్‌కో టీవీకో పంపడానికి. వాటిని వందసార్లు నొక్కినా కన్సోల్ బొమ్మ రాదు. పాత ఏలియన్‌వేర్ ల్యాప్‌టాప్‌లు కొన్నింటికీ, కొన్ని ఆల్ ఇన్ వన్ పీసీలకూ ఇన్‌పుట్ పోర్టు ఉంది. అలాంటిది మీ దగ్గరుంటే అదృష్టమే.

లాగ్ సంగతికొస్తే, ఓబీఎస్ కిటికీలో చూస్తూ ఆడితే లాగ్ తప్పదు. కానీ అలా ఆడమని ఎవరన్నారు? పాస్‌త్రూ (వచ్చిన బొమ్మను అలాగే మానిటర్‌కీ పంపే సౌకర్యం) ఉన్న కార్డుకి రెండు హెచ్‌డీఎంఐ పోర్టులుంటాయి. ఒకదాంట్లో కన్సోల్, రెండోదాంట్లో మానిటర్. మీరు మానిటర్ చూసి ఆడతారు, కాపీ యూఎస్‌బీ మీదుగా కంప్యూటర్‌కి పోతుంది. రికార్డింగ్ అర సెకను వెనకబడినా మీ గురి తప్పదు.

అసలు మోసం "4కే" దగ్గరే ఉంది. వెయ్యి రూపాయల లోపు దొరికే, పెన్ డ్రైవ్ సైజు కార్డుల్లో చాలావాటికి 4కే అనేది లోపలికి తీసుకునే హద్దు. రికార్డ్ అయ్యేది 1080పీ. అదీ చాలావాటిలో సెకనుకి 30 ఫ్రేములే. కావాలంటే లెక్క వేసుకోండి. 1920 × 1080 పిక్సెళ్లు, ఒక్కోదానికి 16 బిట్లు, సెకనుకి 60 ఫ్రేములు: దాదాపు 200 కోట్ల బిట్లు. యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం 48 కోట్ల బిట్లు. అందుకే ఆ కార్డు ప్రతి ఫ్రేమునీ జేపెగ్ ఫొటోలా నొక్కి పంపుతుంది. వేగంగా కదిలే సీన్లలో గడులు గడులుగా కనిపించేది దానివల్లే. ప్లగ్గు లోపల నీలం రంగు ఉన్నంత మాత్రాన అది ఇంకా వేగమైన యూఎస్‌బీ 3 అని నమ్మేయకండి, రంగు ఎవరైనా వేస్తారు.

తెర నల్లగా వస్తే కార్డుని తిట్టేముందు హెచ్‌డీసీపీ చూడండి. సినిమాలు కాపీ కాకుండా పెట్టిన తాళం అది. పీఎస్5లో సెట్టింగ్స్, సిస్టమ్, హెచ్‌డీఎంఐలోకి వెళ్లి ఆఫ్ చేస్తే గేమ్ బొమ్మ వస్తుంది. ఆఫ్‌లో ఉండగా నెట్‌ఫ్లిక్స్ లాంటివి ఆడవు, సినిమా చూడాలంటే మళ్లీ ఆన్ చేసుకోవాలి. పీఎస్4లోనూ ఈ ఆప్షన్ ఉంది, పీఎస్3లో లేదు.

సౌండ్ పోవడానికి మామూలు కారణం హెడ్‌సెట్. దాన్ని కంట్రోలర్‌కి గుచ్చి మొత్తం ఆడియో హెడ్‌ఫోన్స్‌కే పోయేలా పెడితే, హెచ్‌డీఎంఐలో శబ్దం ఆగిపోతుంది. వీడియో మూగదవుతుంది. పాస్‌త్రూ ఉంటే హెడ్‌సెట్‌ని మానిటర్ వెనక ఉన్న ఆడియో జాక్‌కి పెట్టుకోండి, సరిపోతుంది. కొన్ని చవక కార్డుల తంటా ఇంకోటి: కుడి, ఎడమ రెండు చానెళ్ల (స్టీరియో) ధ్వనిని 96 కిలోహెర్ట్జ్ ఒకే చానెల్ (మోనో) అని కంప్యూటర్‌కి తప్పుగా చెప్పుకుంటాయి.

అయితే ఆడిన ఆటలో ఒక ముక్క దాచుకోవడమే మీ పని అయితే కార్డు నిజంగానే అక్కర్లేదు. అప్పుడు ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు. పీఎస్5 కంట్రోలర్ మీద క్రియేట్ బటన్ ఉంది, ఆడిన ఆటలో చివరి గంట వరకూ దాచుతుంది, యూఎస్‌బీ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. కొన్ని గేముల్లో కథ బయటపడే సీన్లు మాత్రం తయారీదారులే ఆపేస్తారు.