ఆశీర్వచనాల నియంత్రణకు ఒక వినతి

"నిండు నూరేళ్లు చల్లగా ఉండు" అని అక్షింతలు వేసే అలవాటును ప్రభుత్వం తక్షణమే నియంత్రించాలి. రూపాయి ఖర్చు, ఏ పూచీ లేకుండా పెళ్లిపందిట్లో వందలమంది ఒకేసారి గుప్పిస్తున్న ఈ హామీలు నానాటికీ నిజమవుతూ ఉండటమే చిక్కు. 2022లో మన జనాభాలో 10.5 శాతంగా ఉన్న అరవై దాటినవారు 2050 నాటికి 20.8 శాతం అవుతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా.

దీవించినవారు ఒక పక్క, పిల్లలను లెక్కపెట్టినవారు మరో పక్క. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక ఎన్నికలలో పోటీ చేయరాదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1994లో చట్టం చేసింది. పిల్లలు తగ్గిపోతున్నారని కలవరపడి 2024లో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధనను ఎత్తివేసింది. ఈ రెండింటి నడుమ కాలంలో బుద్ధిగా మాట విని ఇద్దరితో ఆగి, ఒకరిని డాలస్‌కు, ఒకరిని మెల్‌బోర్న్‌కు పంపినవారే ఇప్పుడు కొర్రల అన్నం ముందు ఒంటరిగా కూర్చుని ఆయుష్షు పెంచుకుంటున్నారు.

వ్యవస్థ వారిని పట్టించుకోవడం లేదనడం అన్యాయం. వారానికి 150 నిమిషాలైనా నడక వంటి వ్యాయామం చేయాలని, 65 దాటినవారు వారానికి కనీసం మూడు రోజులు తూలిపడకుండా నిలదొక్కుకునే కసరత్తు కూడా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన కాలిబాటల మీద రెండూ ఒకే దఫాలో పూర్తవుతాయి. షష్టిపూర్తి చేసుకున్న మగవారికి రైలు టికెట్టులో ఉన్న 40 శాతం రాయితీని, పెద్దలు కరోనా వేళ ప్రయాణాలు మానుకోవాలన్న సదుద్దేశంతో 2020 మార్చిలో ఆపారు. కరోనా వెళ్లిపోయినా రైల్వేవారికి పెద్దల మీద ఆ బెంగ మాత్రం తీరలేదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా కేంద్రం ఇచ్చే అయిదు లక్షల వైద్య బీమా, భీమరథ శాంతి వలెనే, 70 నిండినవారికే గనుక 69వ ఏట రాదలచిన గుండెపోటు కాస్త ఓపిక పట్టాలి. ఇక వెయ్యి పున్నములు చూసినవారికి మనం సహస్ర చంద్ర దర్శన శాంతి చేస్తే, కేంద్రం ఇంచుమించు అదే ఈడులో, ఎనభై నిండగానే, పేద వృద్ధుల పింఛనులో తన వాటాను నెలకు 200 నుంచి 500 రూపాయలకు పెంచుతుంది. మూడు వందల కోసం ఇరవై ఏళ్లు ప్రాణం నిలుపుకోమనే ఇంత గట్టి రసాయన చికిత్స, అంటే ఆయుష్షు పెంచే వైద్యం, ఆయుర్వేదంలో కూడా లేదు.

కాబట్టి నూరేళ్లని దీవించే ప్రతివారూ, అరవై తరువాతి నలభై ఏళ్ల మందులు ఎవరు కొంటారో, ఆసుపత్రికి తోడు ఎవరు వెళతారో, పింఛను ఆగకుండా నవంబరులో ఇవ్వాల్సిన జీవన ప్రమాణ పత్రం ఎవరు తీయిస్తారో రాసి సంతకం చేయాలని నా ప్రతిపాదన.

ఆ చివరి అంశం తేలికైనదేమీ కాదు. విశ్రాంత ఉపాధ్యాయుడైన మా బాబాయి వేలిముద్రలు సుద్దముక్కలకు, వయసుకు అరిగిపోయాయి. ముఖం చూపిద్దామని ఫోను పట్టుకుంటే, బతికే ఉన్నట్టు రుజువుగా కళ్లు ఆర్పమంది. ఆయన ఆర్పారు. చాలలేదు. "ఇంకెన్నిసార్లు ఆర్పాలిరా?" అని ఆయన అడుగుతుండగానే, ఊరికి బయలుదేరుతున్న మా అమ్మాయి వచ్చి కాళ్లకు దండం పెట్టింది. అలవాటుగా చేయి పైకెత్తిన బాబాయి ఒక్క క్షణం ఫోను వంక చూసి, "వెళ్లగానే ఫోను చెయ్యమ్మా" అని మాత్రం అన్నారు.