మతిమరుపు మెమరీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 64 ఎంబీ ఎస్‌డీర్యామ్ (పాతకాలపు కంప్యూటర్ మెమరీ పలక) గారికి,

నల్లగొండ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం కనుక్కోవడానికే జనవరి నుంచి మెమ్‌టెస్ట్ (మెమరీలో తప్పులు పట్టే ప్రోగ్రామ్) పెడుతూ కూర్చున్నాను.

గడియారం సెంటర్‌కు అవతల పాత సామాన్ల దుకాణంలో, సైకిల్ రిమ్ముల కింద తమరు కనబడ్డారు. 1998 నాటి 440బీఎక్స్ మదర్‌బోర్డు, దాని మీద పెంటియం-2 ప్రాసెసర్, పక్కన తమరు. దుకాణదారు మీ 168 పిన్నులు చూపించి, "బంగారముంటది సార్ దీంట్ల" అని రేటు పెంచాడు. ఆ బంగారమంతా గీకినా ముక్కుపుడకకు రాదని ఇద్దరికీ తెలుసు. అయినా ఇచ్చాను.

ఇంటికి తెచ్చి మీ పిన్నులను పిల్లల రబ్బరుతో రుద్ది స్లాట్‌లో కూర్చోబెడితే, ఒకే ఒక్క పొట్టి బీప్. తెర మీద 65536 కేబీ (అంటే మీ 64 ఎంబీ) దాకా లెక్క గడగడా చెప్పేశారు. చలికాలం తెల్లవారుజామున రౌండు మీద రౌండు, ఒక్క తప్పు లేదు. పది మందికి చెప్పుకున్నాను కూడా.

మే వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి అన్నీ ఒకట్లు రాసి తిరిగి చదవమంటే, ఒక్కచోట సున్నా అన్నారు. స్లాటు మార్చాను, బోర్డు మార్చాను. తప్పు మీ వెంటే వచ్చింది. ఒంటి మీద పీసీ100, అంటే 100 మెగాహెర్ట్జ్ వేగం తట్టుకుంటానని స్టిక్కర్ అంటించుకున్న తమరు, వేగాన్ని 66 మెగాహెర్ట్జ్‌కు దించితే మాత్రం బుద్ధిమంతులు! ఆ లెక్కన నేనూ మెరిట్ స్టూడెంట్‌నే.

మీ వంశకర్త, ఈ రకం మెమరీని కనిపెట్టిన రాబర్ట్ డెనార్డ్‌ను తప్పుపట్టను. ఒక్కో బిట్‌కు ఒక ట్రాన్సిస్టర్, ఒక చిన్న కెపాసిటర్ చాలన్నాడు, 1968లో పేటెంట్ కూడా వచ్చింది. కానీ ఆ కెపాసిటర్ ఓటికుండ. 64 మిల్లీసెకన్లకోసారి చార్జి మళ్లీ నింపకపోతే తమరికి ఏదీ గుర్తుండదు. వేడెక్కితే ఇంకా తొందరగా కారిపోతుంది. ఓట్లేయించుకున్నవాళ్లు నయం, ఐదేళ్లకోసారైనా గుర్తుచేసుకుంటారు.

అందుకే టేబుల్ ఫ్యాను తమరి వైపు తిప్పాను. అది చూసి అమ్మ, "చెమటతోని నేను సస్తుంటే గా అట్టముక్కకు గాలి ఇసురుతున్నవారా బిడ్డా?" అంది. దానికి కరెంటు లీకేజీ సిద్ధాంతం చెప్పబోయాను. వినలేదు.

ఈ లేఖ రాస్తుండగానే ఫ్యాను తన వైపు తిప్పుకుంది. పది నిమిషాలు కాలేదు, తెర మీద తప్పు చూపే ఎర్ర గీత.

దయచేసి జవాబు రాయకండి. రాసినా ఎక్కడో ఒక అక్షరం మింగేస్తారు.

ఇట్లు,
తమరిని ఇంకా పారేయలేని
ఒక నల్లగొండ వాసి